చిన్న వీడియో ముందు పంపి, క్లాసులో విద్యార్థుల చేత పని చేయించడం ఎలా?

ఇంజినీరింగ్ కాలేజీలోనో డిగ్రీ కాలేజీలోనో పాఠం చెప్పేవాళ్లందరికీ ఈ ఇబ్బంది తెలిసిందే. గంటలో ఎక్కువ భాగం నిర్వచనం, బొమ్మ, డెరివేషన్ బోర్డు మీద రాయడానికే పోతుంది. పిల్లలు తల దించుకుని దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటూ ఉంటారు. చివర్లో "ఇప్పుడు ఈ లెక్క మీరు చెయ్యండి" అనేసరికి బెల్లు కొడుతుంది. అసలు తప్పులు జరిగేది ఆ లెక్క దగ్గరే. దాన్ని వాళ్లు హాస్టల్ గదిలో ఒక్కళ్లే కూర్చునో, పక్కవాడి నోట్సు చూసో చేస్తారు. ఎక్కడ తప్పారో మనకు మిడ్ పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఆ యూనిట్ అయిపోయి ఉంటుంది.

చిన్న వీడియో పనికొచ్చేది ఇక్కడే. చెప్పాల్సిన దాంట్లో కొంత ముందే వాళ్ల ఫోనుకు పంపేస్తే, ఆ లెక్కను మన కళ్ల ముందు చేయించడానికి టైమ్ మిగులుతుంది. దీన్నే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటున్నారు. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు హైస్కూల్ కెమిస్ట్రీ టీచర్లు తమ పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టాక ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. కాలేజీ స్థాయిలో, క్లాసులో పని చేయించడం వల్ల లాభం ఉందనడానికి గట్టి ఆధారం 2014లో వచ్చింది. స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద అంతకుముందు జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. క్లాసులో పని చేసిన విద్యార్థులతో పోలిస్తే, లెక్చర్ మాత్రమే విన్నవాళ్లు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు తేలింది. ఆ ఫలితం వీడియోల వల్ల వచ్చింది కాదు, క్లాసులో విద్యార్థి చేసిన పని వల్ల వచ్చింది. అందుకే కింద చెప్పే ప్రతి అడుగు దగ్గరా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: దీనివల్ల విద్యార్థి చేతిలో పెన్ను కదులుతుందా?

ఉదాహరణకు ఒకే పాఠం తీసుకుంటాను. ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలతో చూపే బొమ్మ), అందులో గోడకు ఆనించిన నిచ్చెన లెక్క. మీ సబ్జెక్టు వేరైనా పద్ధతి ఇదే.

మొదట, పిల్లలు ఎక్కడ పడుతున్నారో చూడండి

సిలబస్ ముందు పెట్టుకుని యూనిట్ ఒకటి నుంచి వీడియోలు తీయడం మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవాళ్లు రెండో యూనిట్ సగంలో అలసిపోతారు. గత సంవత్సరం మిడ్ పేపర్లు, అసైన్‌మెంట్లు ఒక ఇరవై తీసి చూడండి. ఒకే తప్పు పదే పదే కనిపించే చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. మీ మొదటి వీడియో దాని గురించే.

నిచ్చెన లెక్కలో ఆ తప్పులు ఇలా ఉంటాయి. గోడ నున్నగా ఉందని ప్రశ్నలో స్పష్టంగా చెప్పినా గోడ దగ్గర ఫ్రిక్షన్ బాణం వేస్తారు. గోడ ఇచ్చే రియాక్షన్‌ను, అంటే గోడ తిరిగి నెట్టే బలాన్ని, గోడకు లంబంగా కాకుండా నిచ్చెన వాలు వెంట గీస్తారు. నేల దగ్గర ఫ్రిక్షన్ వేయడమే మర్చిపోతారు, వేసినా గోడ వైపుకు కాకుండా దానికి దూరంగా పోయే దిక్కులో వేస్తారు. వీటన్నిటికంటే లోతైనది ఇంకొకటి ఉంది: నేల ఇచ్చే నార్మల్ రియాక్షన్ (నేల నిట్టనిలువుగా పైకి నెట్టే బలం), నిచ్చెన బరువు, ఈ రెండూ న్యూటన్ మూడో సూత్రం చెప్పే చర్య, ప్రతిచర్యల జంట అనుకోవడం. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తున్నాయి కాబట్టి అవి ఆ జంట కాలేవు. ఈ ఒక్కటి సరిదిద్దకపోతే రెండో సంవత్సరంలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ కూడా కష్టమే.

వీడియో కంటే ముందు క్లాసులో చేయించే పని రాసుకోండి

ఈ వరుస తిరగబడితే అంతా తిరగబడుతుంది. వీడియో ముందు తీస్తే మనకు తెలిసిందంతా అందులోకి వచ్చేస్తుంది, క్లాసులో చేయించడానికి ఏమీ మిగలదు. అప్పుడు వీడియోలో చెప్పిందే క్లాసులో మళ్లీ చెబుతాం. వీడియో చూసి వచ్చినవాడు విసుక్కుంటాడు, చూడనివాడు ఇక ఎప్పటికీ చూడడు.

నిచ్చెన పాఠానికి క్లాసు పని ఇలా పెట్టుకోవచ్చు. నిచ్చెన పొడవు 5 మీటర్లు, దాని కాలు గోడకు 3 మీటర్ల దూరంలో ఉంది, పై కొస గోడ మీద 4 మీటర్ల ఎత్తులో ఆనింది. నిచ్చెన బరువు 200 న్యూటన్లు. గోడ నున్ననిది, నేల గరుకుది. 600 న్యూటన్ల బరువున్న మనిషి ఎక్కుతున్నాడు. నేల దగ్గర ఫ్రిక్షన్ కోఎఫిషియెంట్ 0.4 అయితే, నిచ్చెన జారకుండా ఎంతవరకు ఎక్కగలడు? జవాబు నిచ్చెన వెంట సుమారు 2.72 మీటర్లు. అంటే సగం దాటగానే ప్రమాదం మొదలైనట్టే.

ఇప్పుడు ఆలోచించండి. ఈ లెక్క క్లాసులో చేయాలంటే విద్యార్థికి ముందుగా ఏం తెలిసి ఉండాలి? మనిషి లేని నిచ్చెనకు ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయడం, కాలు దగ్గర మొమెంట్లు (ప్రతి బలం నిచ్చెనను తిప్పే ప్రభావం, అంటే బలాన్ని దూరంతో గుణించినది) తీసుకోవడం. అంతే. వీడియోలో ఉండాల్సింది కూడా అంతే. ఫ్రిక్షన్ సూత్రాల చరిత్ర, వెడ్జ్ లెక్కలు, స్క్రూ జాక్ ఇవేవీ అందులోకి రావు.

నిడివి ఆరు నిమిషాలు దాటనివ్వకండి

2014లో ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను విశ్లేషించారు. వీడియో ఎంత పొడవున్నా, విద్యార్థులు దాని మీద నిలిచే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. ఆ ఆరు నిమిషాల మాట అక్కడిదే. ఆ విద్యార్థులు ఇష్టం కొద్దీ ఆన్‌లైన్ కోర్సులో చేరినవాళ్లు, మన పిల్లలకు ఇంటర్నల్ మార్కులున్నాయి కదా అని మీరు అనవచ్చు. నిజమే, పరీక్ష ముందు రాత్రి మనవాళ్లు గంట వీడియో కూడా చూస్తారు. కానీ నేను ఆరు నిమిషాలనే పట్టుకోమనడానికి కారణం వేరు. అంత తక్కువ టైమ్ ఉందంటే, మీరు ఒక్క విషయమే ఎంచుకుని తీరాలి. ఆ ఎంపికే పాఠానికి మేలు చేస్తుంది.

రాసుకుని చెప్పండి, మధ్యలో ఆగండి

స్క్రిప్టు లేకుండా కెమెరా ముందు కూర్చుంటే ఆరు నిమిషాలు పద్నాలుగు అవుతాయి. పూర్తిగా రాసుకోండి, పైకి చదివి ఫోనులో టైమ్ చూసుకోండి, ఎక్కువైన చోట కొట్టేయండి. "విద్యార్థులు గమనించవలెను" అనే భాష వద్దు. ఎదురుగా ఒక్క విద్యార్థి కూర్చుని ఉంటే ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి. రిచర్డ్ మేయర్ మల్టీమీడియా పాఠాల మీద దశాబ్దాలుగా చేసిన ప్రయోగాల్లో కూడా, ఎదురుగా మాట్లాడుతున్నట్టున్న భాషతో నేర్చుకోవడం మెరుగ్గా ఉందని తేలింది.

స్క్రిప్టులో అన్నిటికంటే ముఖ్యమైనవి ఆగే చోట్లు. ఐఐటీ బాంబేలో సహనా మూర్తి, శ్రీధర్ అయ్యర్, జయకృష్ణన్ ఎం. వారియమ్ తదితరులు రూపొందించిన ఎల్‌సీఎం అనే ఆన్‌లైన్ కోర్సు నమూనాలో ప్రతి చిన్న వీడియోలోనూ ఇలాంటి చోటు ఉంటుంది. దాన్ని రిఫ్లెక్షన్ స్పాట్ అంటారు. వీడియోలోని టీచర్ ఒక ప్రశ్న అడిగి, వీడియో ఆపి జవాబు రాసుకోమంటారు. ఆ తర్వాతే జవాబు గురించి మాట్లాడతారు. ఐఐటీ బాంబేదే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో అయితే మొత్తం బోధనే ఇలా సాగుతుంది. సుమారు పది నిమిషాల వీడియో కంప్యూటర్లో ఒక విండోలో, నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఇంకో విండోలో తెరుచుకుని, చూసిన అడుగు చూసినట్టే ఆపి చేయాలి. వాటిలో చాలా ట్యుటోరియళ్లు తెలుగులో కూడా దొరుకుతాయి. మీరు వీడియో తీసే ముందు ఒకటి రెండు చూడండి.

పాఠం మధ్యలో అడగడం వల్ల లాభం ఉందని ప్రయోగాలు కూడా చెబుతున్నాయి. 2013లో హార్వర్డ్‌లో కార్ల్ స్పునార్ బృందం వీడియో లెక్చర్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత చిన్న పరీక్ష పెట్టింది. అలా చూసినవాళ్లలో పరధ్యానం తగ్గింది, నోట్సు రాసుకోవడం పెరిగింది.

నిచ్చెన వీడియో స్క్రిప్టు ఇలా నడవవచ్చు. మొదటి అర నిమిషంలో బొమ్మ, ప్రశ్న. "ఈ నిచ్చెన మీద ఎన్ని బలాలు పనిచేస్తున్నాయి? వీడియో ఆపండి. మీ నోట్సులో నిచ్చెనను ఒక్క గీతగా గీసి, బాణాలు వేయండి. వేశాకే మళ్లీ ప్లే నొక్కండి." ఆ తర్వాత వెంటనే సరైన బొమ్మ చూపించకండి. పేపర్లలో మీకు దొరికిన తప్పు బొమ్మను, ఎవరి పేరూ లేకుండా, మీరే గీసి చూపించండి. "ఇక్కడ గోడ దగ్గర పైకి ఒక బాణం ఉంది. ఇది ఉండవచ్చా? ప్రశ్నలో గోడ గురించి ఏం చెప్పారు?" మళ్లీ ఆపమనండి. అప్పుడు సరైన బొమ్మ: నిచ్చెన మధ్యలో కిందికి 200 న్యూటన్ల బరువు, కాలు దగ్గర పైకి నార్మల్ రియాక్షన్, అక్కడే గోడ వైపుకు ఫ్రిక్షన్, పై కొసన గోడ నుంచి బయటికి అడ్డంగా రియాక్షన్. చివరి నిమిషంన్నరలో మొమెంట్లు. 200ను 1.5తో గుణిస్తే 300, దాన్ని 4తో భాగిస్తే గోడ రియాక్షన్ 75 న్యూటన్లు. ఫ్రిక్షన్ కూడా 75. "మనిషి ఎక్కితే ఈ 75 ఏమవుతుంది? రేపు క్లాసులో." అక్కడ ఆపేయండి.

తప్పును ముందు చూపించడం కొందరు లెక్చరర్లకు నచ్చదు, తప్పే గుర్తుండిపోతుందని వాళ్ల భయం. డెరెక్ ముల్లర్ సిడ్నీ యూనివర్సిటీలో 2008లో పూర్తి చేసిన పీహెచ్‌డీ సరిగ్గా ఈ విషయం మీదే. అందులో విద్యార్థులకు సాధారణంగా ఉండే అపోహలను ముందు చర్చించిన ఫిజిక్స్ వీడియోలు, సూటిగా సరైన వివరణ మాత్రమే ఇచ్చిన వీడియోల కంటే ఎక్కువ నేర్పాయి. సూటిగా చెప్పిన వీడియోలు "చాలా క్లియర్‌గా ఉన్నాయి" అన్న విద్యార్థులు, పరీక్షలో పెద్దగా మెరుగుపడలేదు. తమ పాత అభిప్రాయమే ఇందులో ఉందనుకుని దాటిపోయారు.

భాష సంగతి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఈ ఆరు నిమిషాలు పెద్ద ఊరట కాగలవు. క్లాసులో "సార్, మళ్లీ చెప్పండి" అనడానికి మొహమాటపడేవాడు ఫోనులో నాలుగుసార్లు వెనక్కి జరుపుకుని వింటాడు. వివరణ తెలుగులో చెప్పండి, పరీక్షలో రాయాల్సిన పదాలు, సూత్రాలు మాత్రం ఇంగ్లిషులో కాగితం మీద రాసి చూపించండి. తెలుగు రాని విద్యార్థులు సెక్షన్‌లో ఉంటే ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఆటోమేటిక్‌గా వచ్చేవాటిని మీరొకసారి చదివి సరిచేయండి, టెక్నికల్ పదాలు వాటిలో తరచూ తప్పుగా పడతాయి.

రికార్డింగ్

స్టూడియో అక్కర్లేదు. ఫోను, తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను, ఫోనును పైనుంచి కిందికి చూసేలా పట్టే స్టాండు చాలు. డబ్బు పెట్టాల్సి వస్తే మొదట కాలర్‌కు పెట్టుకునే మైకు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు కానీ, మాట వినపడకపోతే కట్టేస్తారు. ఫ్యాను ఆపండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మీరు కుడిచేత్తో రాస్తే వెలుతురు ఎడమవైపు కిటికీ నుంచి వచ్చేలా కూర్చోండి, రాసే చోట చేతి నీడ పడదు.

స్లైడ్ల కంటే చేత్తో గీయడం మేలు. ఎడెక్స్ విశ్లేషణలో కూడా ట్యాబ్లెట్ మీద గీస్తూ చెప్పిన వీడియోలనే విద్యార్థులు ఎక్కువసేపు చూశారు. బాణం ఎక్కడ మొదలై ఎటు వెళ్తోందో గీస్తుండగా చూడటంలోనే సగం పాఠం ఉంది. స్లైడే వాడాల్సి వస్తే, దాని మీద ఉన్న వాక్యాలను పొల్లుపోకుండా పైకి చదవకండి. కన్నూ చెవీ ఒకే వాక్యం కోసం పోటీ పడతాయి, బొమ్మ చూసే తీరిక ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు. చిన్న తడబాటు వస్తే ఆ వాక్యం మళ్లీ చెప్పి ముందుకు సాగండి, మొత్తం మళ్లీ తీయనక్కర్లేదు. ముక్కలు కత్తిరించడానికి షాట్‌కట్, కెడెన్‌లైవ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు, కంప్యూటర్ స్క్రీన్ రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉన్నాయి.

పూర్తయ్యాక ఫోనులోనే చూడండి, కంప్యూటర్లో కాదు. పిల్లలు చూసేది ఫోనులోనే. అక్షరాలు ఆ తెర మీద చదవగలిగేలా ఉన్నాయా అన్నదే లెక్క.

పంపడం, అడగడం

సెకనుకు 500 కిలోబిట్ల లెక్కన కుదిస్తే ఐదు నిమిషాల వీడియో సుమారు 19 ఎంబీ అవుతుంది. కాగితం మీద రాసే పాఠానికి ఆ నాణ్యత చాలు. పల్లెల నుంచి బస్సులో వచ్చివెళ్లే డే స్కాలర్లకు సిగ్నల్ ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లింకు ఇచ్చినా, ఫైలు కూడా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోను లేని విద్యార్థి ఒక్కరున్నా సరే, లైబ్రరీ లేదా ల్యాబ్ కంప్యూటర్లలో ఆ ఫైలు వేయించండి. క్లాసుకు రెండు రోజుల ముందు పంపండి. ముందురోజు రాత్రి పదింటికి పంపితే చూడరు, అందులో వాళ్ల తప్పు లేదు.

వీడియోతో పాటు గూగుల్ ఫామ్‌లో మూడే ప్రశ్నలు పెట్టండి. రెండు వీడియోలోని విషయం మీద. మూడోది, "ఎక్కడ అర్థం కాలేదు? ఒక వాక్యంలో రాయండి." దీన్ని వదిలేయకండి, మొత్తం పద్ధతిలో విలువైన వాక్యాలు అక్కడే దొరుకుతాయి. ఫామ్ నింపినందుకు ఇంటర్నల్స్‌లో చిన్న మార్కు ఇవ్వండి, జవాబు తప్పయినా ఇవ్వండి. క్లాసుకు వెళ్లే ముందు ఆ వాక్యాలు చదివితే ఆ రోజు దేని మీద ఎక్కువసేపు ఉండాలో తెలిసిపోతుంది. మీ కాలేజీలో మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు పెట్టే సాఫ్ట్‌వేర్) ఉంటే, అందులో హెచ్‌5పీ అనే ఉపకరణంతో ప్రశ్నలను వీడియో మధ్యలోనే పెట్టవచ్చు. సరైన జవాబు ఇచ్చేదాకా వీడియో ముందుకు కదలకుండా చేయవచ్చు.

క్లాసు గంట

మొదటి ఐదు నిమిషాలు ఫామ్‌లో వచ్చిన సందేహాలకు. అంతకంటే ఎక్కువ వద్దు. "ఎంతమంది చూడలేదు?" అని అడిగి, చెయ్యెత్తినవాళ్ల కోసం పాఠం మొదటినుంచి చెప్పడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒక్కసారి చేశారంటే తర్వాతి వారం నుంచి ఎవరూ చూసి రారు. చూడనివాళ్లను వెనక బెంచీలో కూర్చుని అప్పుడే ఫోనులో చూడమనండి, చూశాక గ్రూపులో కలవమనండి.

తర్వాత ఒక ప్రశ్న, ఓటింగ్. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ఇది. నిచ్చెనకు నేను పెట్టే ప్రశ్న: "ఇంకొకరు వచ్చి నిచ్చెన అట్టడుగు మెట్టు మీద నిలబడితే, జారే ప్రమాదం పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా?" ఎ, బి, సి అని రాసిన కాగితం కార్డులు ఒకేసారి ఎత్తమనండి. పక్కవాళ్లను చూసి ఎత్తకుండా ముందు నోట్సులో రాయించండి. జవాబు చెప్పకండి. వేరే జవాబు ఎంచుకున్న పక్కవాడిని ఒప్పించమని మూడు నిమిషాలు ఇవ్వండి. క్లాసు రూము గోలగా మారుతుంది, మారనివ్వండి. మళ్లీ ఓటు వేయించండి. ప్రమాదం తగ్గుతుంది, ఎందుకంటే నేల దగ్గర నార్మల్ రియాక్షన్ బాగా పెరుగుతుంది, గోడను నెట్టే మొమెంట్ దాదాపు పెరగదు. పెయింటర్లు పైకెక్కేటప్పుడు కింద ఒకరు మెట్టు మీద కాలేసి తొక్కి పట్టుకోవడం విద్యార్థులంతా చూసినదే. దానికి లెక్క కూడా ఉందని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడండి.

మొదటి ఓటులోనే దాదాపు అందరూ సరిగ్గా చెబితే చర్చ అక్కర్లేదు, ముందుకెళ్లండి. చాలా కొద్దిమందే సరిగ్గా చెబితే చర్చ వల్ల లాభం ఉండదు, మీరే రెండు నిమిషాలు వివరించి మళ్లీ అడగండి. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడే చర్చ బాగా పనిచేస్తుంది.

మిగిలిన టైమంతా 600 న్యూటన్ల మనిషి లెక్కకు. ముగ్గురేసి కూర్చోబెట్టండి, గ్రూపుకు ఒక్క కాగితం, ఒక్క పెన్ను ఇవ్వండి. 60 మంది సెక్షన్ అయితే ఇరవై గ్రూపులు. అన్నిటి దగ్గరికీ వెళ్లలేరు. అందుకే ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయగానే కాగితం పైకెత్తి చూపించమనండి. బొమ్మ సరైనవాళ్లు ముందుకెళ్తారు, తప్పు ఉన్నవాళ్ల దగ్గరికి మీరు వెళ్తారు. వెళ్లినా జవాబు చెప్పకండి, "ఈ బాణం ఏ వస్తువు వల్ల వచ్చింది?" అని మాత్రం అడగండి. చాలా తప్పులు ఆ ఒక్క ప్రశ్నతోనే బయటపడతాయి.

"సార్ పాఠం చెప్పడం లేదు" అంటారు

అంటారు, హెచ్‌ఓడీ దాకా కూడా వెళ్లవచ్చు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో లూయీ డెలోరియే బృందం ఇది కొలిచి చూసింది. చక్కటి లెక్చర్ విన్న విద్యార్థులు తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. క్లాసులో తంటాలు పడి పని చేసినవాళ్లు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. పరీక్ష పెడితే ఫలితం తారుమారైంది. కాబట్టి మొదటి క్లాసులోనే ఈ విషయం పిల్లలకు చెప్పండి, హెచ్‌ఓడీకి కూడా ముందే చెప్పండి. మొదటి మిడ్‌లో ఆ ప్రశ్నకు వచ్చిన మార్కులను గత సంవత్సరం మార్కుల పక్కన పెట్టి చూపించండి.

యూనిట్‌కు రెండు వీడియోలు మించి పెట్టుకోకండి. మిగతా చోట్ల ఇతరులవి వాడుకోండి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఉచిత పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో దాదాపు ప్రతి ఇంజినీరింగ్ సబ్జెక్టుకూ లెక్చర్లున్నాయి. గంట లెక్చర్ లింకు మొత్తం పంపితే ఎవరూ చూడరు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా చూడాలో, చూస్తూ ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో రాసి పంపండి.

సెమిస్టర్ అయ్యాక యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ, ఏ క్షణం దగ్గర ఎంత చూశారో చూపే గ్రాఫు తెరవండి. గీత పైకి లేచిన చోట పిల్లలు వెనక్కి జరుపుకుని మళ్లీ చూశారని అర్థం. మళ్లీ తీయాల్సింది ఆ ముప్ఫై సెకన్లే. "నిన్న క్లాసులో చెప్పుకున్నట్టు", "సెక్షన్ బి వాళ్లు గమనించండి" లాంటి మాటలు స్క్రిప్టులో లేకుండా చూసుకుంటే, మిగతాది వచ్చే ఏడాది బ్యాచ్‌కు అలాగే పంపవచ్చు.